తోమిన పన్ను

నా మాటల్లో సగం తీసేసి వినాలని మా వాడకట్టులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా ఇంటామె కౌసల్య అయితే ముప్పాతిక తీసేస్తుంది. ఈ పన్ను సంగతి మాత్రం ఆమె పక్కన కూర్చుని తీసేయాల్సినవన్నీ తీసేశాక మిగిలిందే చెబుతున్నాను.

తొంభై మూడో సంవత్సరం ఎండాకాలం అది. ఆ ఏడు ఎండ ఎట్లా కాసిందంటే, పటాన్‌చెరు రోడ్డు మీద తారు కరిగి, కాలు పెట్టినచోట చెప్పు అంటుకుపోయేది. నా ఎడమకాలి చెప్పు ఇప్పటికీ ఆ రోడ్డు లోపలే ఉంది. దాని మీద నుంచే తర్వాత వెడల్పు రోడ్డు వేశారు.

అప్పట్లో నేను మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగేవాణ్ణి. ముహూర్తాలున్న రోజుల్లో సెలవు పెట్టి బ్యాండులో పెద్ద డ్రమ్ము కొట్టేవాణ్ణి. కడిగినా డ్రమ్మే, కొట్టినా డ్రమ్మే. బ్యాండు ఎల్లయ్య మామది. ఆయన మామూలు రోజుల్లో తాపీ మేస్త్రీ, పెళ్ళిళ్ల కాలం రాగానే తాపీ కడిగి గూట్లో పెట్టి బూర పట్టుకునేవాడు. కానీ బ్యాండుకు పేరంటూ వచ్చింది మా బామ్మర్ది నర్సింహ వల్ల. కౌసల్యకు తమ్ముడు, పెళ్ళి కాలేదు, మా ఇంట్లోనే ఉండేవాడు. వాడు క్లారినెట్టు ఎత్తితే బొంబాయి రోడ్డు మీద లారీలు బ్రేకు వేసేవి. ఒక డ్రైవరు షోలాపూర్ పోవాల్సిన ఉల్లిగడ్డల లోడు మేము వాయిస్తున్న పెళ్ళిలోనే దింపేసి, పప్పన్నం తిని పోయాడు. (ఇది కౌసల్య తీసేయమంది. నేనే ఉంచాను.)

కొల్లూరులో పెళ్ళి. పొద్దున ఎదుర్కోళ్ళు. మగపెళ్ళివారు ఊరి బయట దిగితే ఆడపెళ్ళివారు బ్యాండుతో ఎదురుపోయి, బుక్కగులాలు చల్లి తోలుకురావాలి. పెళ్ళికొడుకు మేనమామ ఒకాయన పొద్దున్నే కల్లు తాగేసి వచ్చాడు. అదే పాట మళ్ళీ మళ్ళీ కొట్టించుకుంటూ, నర్సింహ ముందు వెనకడుగులతో ఎగురుతున్నాడు. ఎగిరి ఎగిరి ఒక్కసారి వెనక్కి తూలాడు. ఆయన మోచెయ్యి క్లారినెట్టు అడుగు భాగానికి కింది నుంచి తగిలింది. పాట కీచుమని ఆగింది. నర్సింహ తెల్ల కోటు మీద ఎర్రగా కనిపిస్తే అందరూ గులాలే అనుకున్నారు. మేనమామ అయితే ఇంకో గుప్పెడు కూడా చల్లాడు.

వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాక తెలిసింది, పైవరసలో ముందు పన్ను లేదని.

అందరూ నర్సింహ చుట్టూ చేరితే నేను దుమ్ములో దేవులాడాను. దొరికింది. విరగలేదు, మొత్తానికి మొత్తం ఊడివచ్చింది. మనిషి పన్ను బయటికి కనిపించేది కొంచెమే, లోపల దాచుకున్న వేరు దానికన్నా పొడుగని అప్పుడే చూశాను. వేరుకు ఎర్రటి పొర ఒకటి అంటుకుని ఉంది.

క్లారినెట్టు వాయించేవాడికి పైవరస ముందు పళ్ళంటే గోడకు పునాది లాంటివి. క్లారినెట్టు మూతి వాటికే ఆనుతుంది. నర్సింహ ఆ పన్ను వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. వాడి ముఖంలో ఉన్నది నాకు అర్థమైంది. కూటి సంగతి కంపెనీలో కూలి చేసైనా గడుస్తుంది. వాడికి ఆ క్లారినెట్టు తప్ప మనిషినని చెప్పుకోవడానికి ఇంకొకటి లేదు.

పెళ్ళికి వచ్చిన దేవసహాయం సారు ముందుకొచ్చాడు. ఆ ఊరి బళ్ళో చదువు చెప్పే ఆయన.

"పారెయ్యకుండ్రి. మా బిడ్డ హన్నా సంగారెడ్డిల పండ్ల డాక్టరు. ఊడిన పన్ను మళ్ళ పెడతది. పాలల్ల వేసుకొని జల్దీ పోండ్రి."

పాల కోసం వంటల దగ్గరికి పోతే ఉన్న పాలన్నీ అప్పుడే చాయ్‌లో కలిశాయి. మిగిలింది మజ్జిగ, అందులో ఉప్పు. చివరికి పన్నును నా తువ్వాల కొసకు మూటగట్టి, ఆటోలో పటాన్‌చెరు చేరాం. సంగారెడ్డి బస్సు ఎక్కాలంటే మా ఇంటి ముందు నుంచే పోవాలి. నర్సింహ కోటు రక్తంతో ఉంది కదా, అంగీ మార్చుకుని పోదామని ఇంట్లోకి పోయాం.

అక్కడే అసలు పని జరిగింది.

మా బ్యాండు ఇత్తడి సామానంతా మా వాకిట్లోనే తోమేది కౌసల్య. పెళ్ళిళ్ల కాలం మొదలైతే ఆ వాకిలి చూడాలి. బూరలు, తాళాలు, మెలికల గొట్టాలు వరసగా పరిచి, చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పక్కన పెట్టుకుని కూర్చునేది. ఆమె తోమిన బూరలో ముఖం చూసుకుని ఎల్లయ్య మామ మీసం కత్తిరించుకునేవాడు. ఎంత మకిలి పట్టినదైనా ఆమె చేతిలో పడితే మెరవాల్సిందే. మా మామగారు, అంటే కౌసల్య, నర్సింహల నాయన, బతికున్నప్పుడు నేర్పిన పద్ధతి అది. మెరవని వాయిద్యంతో పెళ్ళిలో అడుగుపెడితే పెళ్ళివారిని అవమానించినట్టేనని ఆయన అనేవాడు.

తమ్ముడి నోరు చూసి ముందు ఏడ్చింది. ఆ తర్వాత పన్ను చూపించమంది. నేను తువ్వాల విప్పాను.

"గిట్లనే పట్టుకపోతవా? మట్టి, నెత్తురు. డాక్టరమ్మ చేతుల గిట్లాంటిది పెట్టొచ్చునా?"

నేను అంగీ తెచ్చేలోపు ఆమె పన్నుకు చింతపండు పట్టించి, బూడిద అద్ది, పీచుతో తోమడం మొదలుపెట్టింది. వేరుకు అంటిన ఎర్రటి పొర పోకపోతే బొటనవేలితో గట్టిగా రుద్దింది. నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి, వెలుగుకు ఎత్తి పట్టుకుంది. దేవుడి గుళ్ళో గంట కూడా అంతగా మెరవదు. ఊడినందుకు ఆ పన్నుకు బాగా మర్యాద జరిగిందనుకున్నాం ముగ్గురం.

కౌసల్య కూడా మాతోనే బస్సెక్కింది. హన్నా డాక్టరమ్మ దవాఖాన సంగారెడ్డి బస్టాండు ఎదురుగా మేడ మీద ఉండేది. చిన్న గది, పెద్ద కుర్చీ, కిటికీ పక్కన ఆమె నాయన చేతిరాతతో బైబిలు వాక్యం ఒకటి. వయసులో నర్సింహకన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో. పన్నును పైభాగం దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంది, వేరును తాకలేదు. ఊడి ఎంత సేపైంది, దేంట్లో ఉంచారు, వేరును ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగింది.

అడిగింది నన్ను. నన్ను ఎవరైనా ఏదైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మాట కొంచెం నిండుగా ఉండాలి కదా. పన్ను నేల మీద పడకముందే గాల్లోనే పట్టానని చెప్పాను. పట్టిన చేత్తోనే పాలల్లో వేశానని చెప్పాను. అవి మామూలు పాలు కావు, తొలిచూలు బర్రె పాలు, ఆ బర్రె మా నర్సింహ క్లారినెట్టు వింటే తప్ప చేపదు, వాడి పన్ను అని తెలిసి ఆ పూట కుండ నిండా ఇచ్చిందని చెప్పాను. పాలల్లో తేలుతూ పన్ను కొల్లూరు నుంచి సంగారెడ్డి దాకా వచ్చిందన్నాను.

డాక్టరమ్మ బర్రె మాట దగ్గర నవ్వింది కానీ పాల సంగతి నమ్మింది. పాలల్లో ఉంటే వేరు బతికే ఉంటుంది, వేరును కదపకుండా ఇప్పుడే పెట్టేద్దాం అంటూ నర్సింహ నోరు తెరిపించింది. పన్ను వాడి పెదవి దాకా పోయింది.

"పాలల్ల లేదమ్మా," అంది కౌసల్య, గోడ పక్క నుంచి. "నేను తోమిన. చింతపండు, బూడిద పెట్టి. వేరుకు ఎర్రగ ఏదో ఉండె, గది గూడ పోయేదాక తోమిన."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. పన్నును దీపం కిందికి తీసుకుపోయి తిప్పి తిప్పి చూసింది. నా వైపు చూడలేదు. కౌసల్య వైపే చూసింది.

"మంచిగ చెప్పినవక్కా. చెప్పకుంటే తప్పు వైద్యం చేస్తుంటి."

అప్పుడు వివరంగా చెప్పింది. కోడిగుడ్డు పెంకు కింద పల్చటి పొర ఉంటుంది చూడండి, పన్ను వేరు మీద అట్లాంటి పొరే ఉంటుందట. పంటికీ ఎముకకూ మధ్య హద్దు అదే. కౌసల్య బొటనవేలితో రుద్దింది దాన్నే. ఆ హద్దు పోతే ఎముకకు ఆ వేరు పరాయిదని తెలియదు. తనదే అనుకుని కొంచెం కొంచెం కలిపేసుకుంటుంది. అది మెల్లగా జరిగే పని. దానికన్నా తొందరది ఇంకొకటుంది. పన్ను లోపలి నరం చచ్చి కుళ్ళితే, ఆ విషం దిగి వేరును ఎలుక రొట్టెను కొరికినట్టు కొరుకుతుంది. మెల్లగా తినేదాన్ని ఆలస్యం చేయగలనేమో కానీ ఎలుకను మాత్రం మందు సిమెంటుతో ఆపొచ్చు అంది. ఆపుతానని అనలేదు. ఆపొచ్చు అంది.

పన్నును ముందు ఏదో మందునీళ్ళలో నానబెట్టింది. చేతిలోనే పట్టుకుని లోపలి నరం తీసింది. ఒక గాజు పలక మీద తెల్లటి పొడి, నీళ్ళు వేసి నూరింది. తమలపాకుకు పూసే సున్నంలా కనిపించింది. అదే అడిగాను.

సున్నం లాంటిదేనట, కాకపోతే శుభ్రం చేసింది, అందులో క్రిములను చంపే మందు కలిసి ఉంటుంది. కుళ్ళులో పులుపు ఉంటుందట, సున్నం ఆ పులుపును విరిచేస్తుందట.

"నేను పులుపు పెట్టి చెడగొట్టిన," అంది కౌసల్య మెల్లగా. "మీరు సున్నం పెట్టి సదురుతున్నరు."

వేరు లోపల ఆ మందు నింపి, పైన లవంగం వాసన వచ్చే సిమెంటుతో మూసి, పన్నును దాని గుంటలో కూర్చోబెట్టింది. పక్క పళ్ళకు సన్నటి తీగతో కట్టింది. తీగ విప్పేదాకా క్లారినెట్టు ముట్టొద్దని, తర్వాత ఫొటో తీసి చూద్దామని చెప్పింది. నర్సింహ అద్దంలో చూసుకున్నాడు. పన్ను ఉంది. వాడు మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు. నేను కౌసల్య కంట పడకుండా మెట్లు దిగాను. బస్సులో ఆమె నాతో ఒక్కటే మాటంది. బర్రె పాలు బాగున్నాయని.

పళ్ళకు సిమెంటు వేశారని ఊళ్ళో తెలిసేసరికి ఎల్లయ్య మామ వచ్చాడు. ముప్పై ఏళ్ళ మేస్త్రీ కదా, తనకు చెప్పకుండా ఎక్కడ సిమెంటు వేసినా ఆయనకు తోచదు. నోట్లోకి తొంగి చూసి, పనితనం మంచిగానే ఉందని ఒప్పుకుని, నీళ్ళు కొడుతున్నారా అని అడిగాడు.

"సిమెంటు వేసినంక నీళ్ళు పట్టకుంటే పగుల్తది బిడ్డా. గోడ ఎంతదైనా గదే లెక్క."

నర్సింహ ఆ మాట పట్టుకున్నాడు. పొద్దున లేవగానే నోటి నిండా నీళ్ళు పోసుకునేవాడు, అన్నానికి కూర్చునేటప్పుడే ఉమ్మేవాడు, మళ్ళీ పోసుకునేవాడు. ఏది అడిగినా చేతి సైగలే. బుగ్గలు రెండూ ఉబ్బించుకుని అరుగు మీద కూర్చుంటే, దాహంతో తిరుగుతున్న పిచ్చుక ఒకటి వాడి పెదవి మీద వాలింది. మా ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక పాట మోగుతుండేది. ఆ వారాల్లో చూరు నుంచి గడ్డిపోచ రాలినా వినపడేది. ఈ సంగతి తర్వాత చెబితే డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూర్చుండిపోయింది. తన సిమెంటు ఉమ్ములో కూడా గట్టిపడుతుందట. అయితే నోట్లో నీళ్ళుండటం వల్ల వాడు ఎప్పుడూ నమిలే వక్కలకు చోటు దొరకలేదు, చిగుళ్ళు అద్దంలా ఉన్నాయని మెచ్చుకుంది.

నవ్వు అక్కడితో సరి. బ్యాండు క్లారినెట్టు లేకుండా పెళ్ళిళ్లకు పోతోంది. క్లారినెట్టాయన ఏడని పెళ్ళివారు అడుగుతుంటే బొంబాయి వాళ్ళు విమానం పంపి తీసుకుపోయారని చెప్పేవాణ్ణి. నాలుగు పెళ్ళిళ్ల దాకా ఆ విమానం ఎగిరింది. తర్వాత అందరూ అడగడం మానేశారు. అదే నాకు గుబులు పుట్టించింది. ఎల్లయ్య మామ రామచంద్రాపురంలో ఎవరో క్యాసియో వాయించే పిల్లవాణ్ణి చూసి వచ్చాడు. ఒక మీట నొక్కితే క్లారినెట్టు, ఇంకోటి నొక్కితే వీణ, దానికి పళ్ళు ఊడే బాధ లేదన్నాడు. నర్సింహ వినేటట్టే అన్నాడు. చెడ్డవాడు కాదు, పదిమంది బ్యాండు వాళ్ళ పొయ్యిలు ఆయన మీద ఉన్నాయి.

తీగ విప్పే రోజు ముగ్గురం మళ్ళీ సంగారెడ్డి పోయాం. డాక్టరమ్మ నోట్లో చిన్న ఫిల్ము పెట్టి ఫొటో తీసి, కడిగి, కిటికీ వెలుగుకు పట్టింది. చాలాసేపు చూసింది. తర్వాత మాకూ చూపించింది. వేరు పక్కన చిన్న నొక్కు. రొట్టె అంచు ఎలుక ముట్టి పోయినట్టు.

పాత మందు తీసేసింది. ఈసారి ఇంకో సిమెంటు కలిపింది. తన కాలేజీలో పెద్ద డాక్టర్లు ఇట్లాంటి వేర్ల మీద వాడి చూస్తున్నారట, మందు ఎక్కువ కాలం లోపల ఊరుతూ ఉంటుందట. సన్నటి తీగ మొనతో వేరు కొస దాకా నింపుతుంటే ఆమె నుదుటి మీద చెమట చుక్కలు నిలిచాయి. ఇది పట్టిందో లేదో తొలకరికి తెలుస్తుంది, అప్పటిదాకా ఆ పన్ను మీద ఏ బరువూ ఆనకూడదు, క్లారినెట్టు అసలే వద్దంది.

తొలకరి అంటే ముహూర్తాలన్నీ అయిపోయాక.

బస్సులో నర్సింహ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పాశమైలారం దాటాక నోరు విప్పాడు.

"పీకేయించుకుంట బావా. కట్టుడు పన్ను పెట్టించుకొని రేపటి సంది వాయించుకుంట."

కట్టుడు పన్ను మీద క్లారినెట్టు ఆనదని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను నా పద్ధతిలో చెప్పాను. సదాశివపేటలో ఒక బూర ఆయన కట్టుడు పళ్ళతో గట్టిగా ఊదితే ఆ పళ్ళు ఎగిరిపోయి పురోహితుడి చెయ్యి కరిచాయని, మంత్రం సగంలో ఆగిన ఆ పెళ్ళి ఇప్పటికీ సగమే అయిందని. వాడు నవ్వలేదు. నా కథకు మా నర్సింహ నవ్వకపోవడం అదే మొదటిసారి. నేను కూడా కిటికీ వైపు తిరిగాను.

ఆ వారంలోనే ఎల్లయ్య మామ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తెల్లాపూర్‌లో పెద్ద పెళ్ళి ఒప్పుకున్నాడు. నర్సింహ వస్తాడా, క్యాసియో పిల్లవాణ్ణి పిలవాలా, ఒక మాట చెప్పమన్నాడు. వస్తానని నర్సింహ గబుక్కున లేచాడు. క్లారినెట్టు పెట్టె తెచ్చి తెరిచాడు. ముక్కలన్నీ ఉన్నాయి, నోట్లో పెట్టుకునే మూతి ముక్క లేదు.

బియ్యం గుమ్మిలో దాచింది కౌసల్య. వాడు ఇల్లంతా వెతికాడు, అరిచాడు. ఆమె వాకిట్లో బూర తోముతూ తల ఎత్తలేదు.

"నా పన్ను, నా ఇష్టం అక్కా. ఉంటే ఉంటది, పోతే పోతది."

"నీ పన్ను నీదే తమ్మీ. తోమింది నేను."

ఎల్లయ్య మామ ఎటు చూడాలో తెలియక తన చెప్పుల వైపు చూశాడు. కౌసల్య చేతులు కడుక్కుని లోపలికి పోయింది. అటక మీది నుంచి పాత ధోవతి గుడ్డలో చుట్టిన మూట దింపి తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. వాళ్ళ నాయన సన్నాయి. బ్యాండులొచ్చి సన్నాయిని ఎవరూ పిలవని రోజుల్లో ఆయనే అటకెక్కించాడు. నర్సింహకు చిన్నప్పుడు దాని మీదే స్వరం పట్టించాడు. కోటు, టోపీ అలవాటయ్యాక వాడు దాన్ని ముట్టలేదు. పాతకాలపు గొట్టమని చిన్నచూపు.

"నాయనకు ముసలితనంల ఒక్క పన్ను లేకుండె," అంది కౌసల్య. "అయినా వాయించిండు."

అంతే అంది. మళ్ళీ వాకిట్లోకి పోయి బూర తోముకుంది.

సన్నాయి పీకను పెదవుల మధ్య పట్టుకుంటారు. పళ్ళ పని లేదు. ఆ సంగతి మా ముగ్గురు మగవాళ్ళకూ తెలుసు, ఎల్లయ్య మామకైతే ఇంకా బాగా తెలుసు. తెలిసి కూడా ఇన్ని వారాలు ఎవరికీ తోచలేదు.

కొత్త పీక కట్టుకుని నర్సింహ ఊదిన మొదటి పొద్దున మా గల్లీలో లేగలన్నీ తల్లి పిలిచిందనుకుని తాళ్ళు తెంపుకున్నాయి. రెండో పొద్దున తెంపుకోలేదు. ఆ తర్వాత కంపెనీకి పోయే జనం మా ఇంటి ముందు సైకిళ్ళు దిగి నడిచిపోవడం మొదలుపెట్టారు. అయినా కౌసల్య ఒప్పుకోలేదు. డాక్టరమ్మను అడగకుండా పెళ్ళికి పోయేది లేదంది.

డాక్టరమ్మకు ఇట్లాంటి ప్రశ్న ఎవరూ వేసి ఉండరు. ఇక్కడే వాయించి చూపించమంది. నర్సింహ ఆ పెద్ద కుర్చీలోనే కూర్చుని సన్నాయి పెదవులకు పెట్టుకున్నాడు. ఆమె వాడి పై పెదవి పక్క నుంచి చూపుడువేలు దూర్చి, పన్ను మీద ఆనించి పట్టుకుంది. ఒక పక్కగా పీక పట్టుకుని వాడు మెల్లగా ఎత్తుకున్నాడు. వరసలో కూర్చున్న రోగులు దవడలు పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చారు. కింద బస్టాండులో కండక్టర్లు అరవడం మానేశారు. ఆమె కళ్ళు మూసుకుంది. పాట విందో, పన్నునే విందో నాకు తెలియదు.

వేలు తీసి, "అదురుత లేదు," అంది. "వాయించుకో."

తెల్లాపూర్ పెళ్ళిలో ఎల్లయ్య మామ ముందు భయపడ్డాడు. కోట్లు వేసుకున్న బ్యాండు నడుమ సన్నాయి ఏందని జనం నవ్వుతారని. నేను పెద్ద డ్రమ్ము ఇంకొకరికిచ్చి మెడలో డోలు వేసుకున్నాను. ఎదుర్కోళ్ళలో నర్సింహ ఎత్తుకోగానే మగపెళ్ళివారి ముసలామె, రాజవ్వట పేరు, గుంపును తోసుకుని వచ్చి వాడి ముందు నిలబడింది. ఎవరి కొడుకువని అడిగింది. చెప్పాడు. తన పెళ్ళిలో వాయించింది మీ నాయనే అని, వాడి గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుని పోయింది. ఎల్లయ్య మామ బూరను చంకలో పెట్టుకుని విన్నాడు. వాయించాల్సిన చోట కూడా వాయించలేదు. ఆ తర్వాత వచ్చిన పెళ్ళిళ్లవాళ్ళు సన్నాయి ఉంటుందా అని అడిగి మరీ ఒప్పుకున్నారు. క్యాసియో పిల్లవాణ్ణి కూడా పిలిచారులెండి, ఇద్దరూ కలిసి వాయించారు. మా ఇంట్లో మళ్ళీ చప్పుడు మొదలైంది.

తొలకరి పడ్డ పొద్దున సంగారెడ్డి పోయాం. రోడ్డు మీద తడి మన్ను వాసన, కంపెనీల వాసన కలిసి వస్తున్నాయి. నర్సింహ దారి పొడుగునా నాలుకతో పన్నును తడుముకుంటూనే ఉన్నాడు. నేను బస్సులో ఒక్క కథ కూడా చెప్పలేదు. కండక్టరు నాకు జ్వరమేమో అనుకున్నాడు.

డాక్టరమ్మ కొత్త ఫిల్ము కడిగి తెచ్చి, పాతదాని పక్కన కిటికీకి పట్టింది. మేము ముగ్గురం ఆమె భుజాల వెనక చేరాం. పాత నొక్కు అక్కడే ఉంది. పెరగలేదు. గరుకుగా ఉన్న అంచు నున్నబడింది, చుట్టూ ఎముక తెల్లగా నిండింది.

"కొరుకుడు ఆగింది," అంది.

నర్సింహ ఎంతకాలం ఉంటుందని అడిగాడు. ఆమె దాచలేదు. తోమిన పక్క మెల్లగా ఎముకలో కలుస్తూనే ఉంటుంది, ఏళ్ళు పట్టొచ్చు, ఏడాదికొకసారి వచ్చి చూపించుకోవాలంది. క్లారినెట్టు కూడా కొద్దికొద్దిగా మొదలుపెట్టుకోవచ్చంది. వాడు తల ఊపి, చేతిలో ఉన్న సన్నాయి వైపు చూసుకుని నవ్వాడు. ఆ పన్ను కనిపించేటట్టు.

డాక్టరమ్మ చూస్తానని సన్నాయి అందుకుంది. కింది కొసన గంటలా విచ్చుకున్న ఇత్తడి నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉంది. కౌసల్య చేతి పని ఆమె అప్పటికి వినే ఉంది. ఇదేంటక్కా, దీన్ని తోమలేదా అని అడిగింది.

కౌసల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తడిబట్టతోని తుడిచిన, గంతే. దీనికి గూడ పైన ఏదన్న పొర ఉంటదేమోనని."

నేను నవ్వబోయాను. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ నల్లటి గంటను తాకకుండా, సన్నాయిని పై కొస దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, జాగ్రత్తగా నర్సింహ చేతిలో పెట్టింది.